‘ఎక్స్’ కంటే ముందు నేర్పవలసిన బీజగణితం

మన సొసైటీ సాయంత్రం ట్యూషన్‌కు కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్లలకు మొదటి రోజు నేను ఒకే ఒక లెక్క ఇస్తాను. బోర్డు మీద ఇలా రాస్తాను:

8 + 4 = □ + 5

పెట్టెలో ఏ సంఖ్య రావాలి అని అడుగుతాను. చాలామంది వెంటనే 12 అంటారు. కొందరు కనిపించినవన్నీ కూడి 17 అంటారు. 7 అని చెప్పేవారు ఒకరో ఇద్దరో ఉంటారు. ఇది మన పాతబస్తీ పిల్లలకే ఉన్న లోపం అనుకోనక్కరలేదు. 1990లలో అమెరికాలో థామస్ కార్పెంటర్ అనే విద్యావేత్త, ఆయన సహచరులు ఇదే లెక్కను ప్రాథమిక తరగతుల పిల్లలకు ఇచ్చి చూశారు. అక్కడా సరిగా చెప్పినవారు చాలా తక్కువ. తప్పు జవాబులు కూడా ఇవే, 12, 17.

ఈ పిల్లలకు కూడికలు రావా అంటే వస్తాయి. ఎనిమిదికి నాలుగు కలిపితే పన్నెండని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. వాళ్ళకు రానిది ‘=’ గుర్తు. వాళ్ళ లెక్కలో ఆ గుర్తుకు అర్థం ‘ఇక జవాబు రాయి’ అని. రెండు వైపులా ఒకే విలువ ఉందని కాదు. ఇందులో పిల్లల తప్పు లేదు. ఐదేళ్ళపాటు మనం ఎడమవైపు లెక్క, కుడివైపు ఖాళీ ఉంచి వాళ్ళకు అదే నేర్పాం. ఆరో తరగతికి రాగానే ‘ఎక్స్ + 7 = 19’ అని రాస్తాం. ఖాళీ ఉండవలసిన చోట 19 ఉంది, సంఖ్య ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరం ఉంది. అక్కడే పిల్లలు లెక్కలంటే భయపడటం మొదలుపెడతారు. ఆ భయం ఏడు, ఎనిమిది తరగతులకు వచ్చేసరికి ‘నాకు చదువు అబ్బదు’ అనే మాటగా మారుతుంది. మన బస్తీల్లో ఆ మాట తర్వాత ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అబ్బాయి అయితే మెకానిక్ షెడ్డు, అమ్మాయి అయితే గాజుల పని.

అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. బీజగణితం ఆరో తరగతిలో మొదలుకాకూడదు. అక్షరాలు ఆరో తరగతిలో వస్తే చాలు, ఆలోచన మాత్రం ఒకటో తరగతి నుంచే రావాలి. దానికి పెద్ద సామగ్రి అక్కరలేదు, రోజుకు పది నిమిషాలు చాలు. ట్యూషన్ చెప్పే మన వాలంటీర్లు, ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకునే అమ్మలు కూడా చేయగలిగినదే ఇది.

పేరు మన ఇంటిదే

బీజగణితాన్ని ఉర్దూలో అల్‌జబ్రా అంటాం. ఇంగ్లీషువారిదీ అదే మాట. ఆ పేరు బాగ్దాదు నుంచి వచ్చింది. ఖలీఫా మామూన్ కాలంలో, అంటే 813 నుంచి 833 మధ్య, బాగ్దాదులోని విద్వాంసుల్లో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ ఒకరు. ఆయన రాసిన గణిత గ్రంథం పేరులోనే ‘అల్ జబర్’, ‘అల్ ముఖాబలా’ అనే రెండు మాటలు ఉన్నాయి. జబర్ అంటే మనకు జబర్‌దస్తీ గుర్తొస్తుంది. ఇక్కడ అర్థం అది కాదు, విరిగినదాన్ని తిరిగి కూర్చడం. విరిగిన ఎముకను సరిచేసి కట్టడానికి కూడా అరబీలో ఇదే మాట వాడతారు. లెక్కలో దాని అర్థం ఇది: ఒక సంఖ్యలోంచి 3 తీసేస్తే 9 మిగిలిందంటే, తగ్గిన 3ను రెండువైపులా తిరిగి చేర్చు, సంఖ్య 12 అని తెలుస్తుంది. ముఖాబలా అంటే ఎదురెదురుగా పెట్టి చూడటం, రెండువైపులా ఉన్న ఒకేరకం వాటిని సమానంగా తీసేయడం.

ఈ గ్రంథం గురించి మన ఉపాధ్యాయులు తెలుసుకోవలసినవి రెండు ఉన్నాయి. ఒకటి, ఖ్వారిజ్మీ దీన్ని నిత్యజీవితం కోసం రాశారు. వారసత్వ వాటాలు, వ్యాపారం, భూమి కొలతలు వంటి అవసరాలకు. రెండు, ఆ గ్రంథంలో ఎక్స్ లేదు, వై లేదు, ‘=’ గుర్తు కూడా లేదు. లెక్కలన్నీ మాటల్లోనే ఉన్నాయి. తెలియని సంఖ్యను ఆయన ‘షై’ అన్నారు, అంటే వస్తువు. ‘=’ గుర్తును వేల్స్‌కు చెందిన రాబర్ట్ రికార్డ్ 1557లో వాడే వరకు అది పుస్తకాల్లోకి రాలేదు. ఒకే పొడవున్న రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి వేరే ఏముంటాయని ఆయన ఆ గుర్తును ఎంచుకున్నారు.

మన దేశంలోనూ ఇదే కథ. 628లో బ్రహ్మగుప్తుడు, 1150లో ‘బీజగణితం’ అనే పేరుతోనే గ్రంథం రాసిన భాస్కరాచార్యుడు తెలియని సంఖ్యలకు రంగుల పేర్లు పెట్టుకున్నారు. తెలుగులో 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని పద్యాల్లోకి తెచ్చాడు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైనప్పుడు, దానికోసం నెలకొల్పిన దారుల్ తర్జుమా గణితాన్ని ఉర్దూలోకి తెచ్చింది. అంటే గణితం మాటల్లో, అందులోనూ తమకు తెలిసిన మాటల్లో నేర్చుకోవడం కొత్త ప్రయోగమేమీ కాదు. పెద్ద పండితులు నడిచిన వరుస ఏది? ముందు వస్తువు, తర్వాత మాట, చివర గుర్తు. మనం పిల్లలకు ఆ వరుసను తలకిందులు చేసి, గుర్తుతో మొదలుపెడుతున్నాం.

మొదటి మెట్టు: తరాజు

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ముందు ‘బరాబర్’ నేర్పాలి. బట్టలు తగిలించే హ్యాంగర్ ఒకటి తీసుకోండి. రెండు చివర్లా ఒకే కొలత దారాలతో రెండు ప్లాస్టిక్ గ్లాసులు కట్టండి. హ్యాంగర్‌ను మేకుకు వేలాడదీస్తే తరాజు తయారైనట్టే. బరువుగా ఒకేరకం గోళీలు గానీ, ఒకే సంవత్సరపు రూపాయి నాణేలు గానీ వాడండి. వేర్వేరు సైజులు కలిపితే పాఠం చెడిపోతుంది.

ఎడమ గ్లాసులో 5 గోళీలు వేసి, మరో 3 వేయండి. కుడి గ్లాసులో 6 వేయండి. తరాజు ఒకవైపు వాలుతుంది. ‘బరాబర్ కావాలంటే ఏం చేయాలి?’ అని అడగండి. ఒకరు కుడివైపు 2 వేయమంటారు. ఇంకొకరు ఎడమవైపు 2 తీయమంటారు. రెండూ సరైనవే. ఇద్దరి చేతా చేయించి చూపించండి. అప్పుడే పలక మీద 5 + 3 = 6 + 2 అని రాయండి. గుర్తు తరాజు తర్వాత రావాలి.

ఆ తర్వాత రోజూ రెండు మూడు వాక్యాలు బోర్డు మీద రాసి, ‘నిజమా, అబద్ధమా?’ అని అడగండి:

7 = 7
9 = 4 + 5
5 + 3 = 3 + 5
6 + 2 = 8 + 1
4 + 0 = 4

మొదటి రెండింటికే గొడవ మొదలవుతుంది. ‘7 = 7 తప్పు టీచర్, అక్కడ లెక్కే లేదు’ అంటారు. ‘9 = 4 + 5 ఉల్టా రాశారు’ అంటారు. వాదించుకోనివ్వండి. జవాబు మీరు చెప్పకుండా తరాజు దగ్గరికి పంపండి.

మూడో తరగతికి వచ్చాక ఇది ఇవ్వండి: 27 + 15 = 28 + □. మొదట రెండువైపులా కూడి 14 అని చెబుతారు. ‘కూడకుండా చెప్పగలరా?’ అని అడగండి. కొంతసేపటికి ఎవరో ఒకరు అంటారు: ‘27 ఒకటి పెరిగి 28 అయింది, అయితే 15 ఒకటి తగ్గాలి.’ ఆ మాట అన్న పిల్ల లెక్క చేయలేదు, సంబంధం చూసింది. బీజగణితం అంటే అదే.

ఇక్కడ ఉపాధ్యాయులకు ఒక హెచ్చరిక. మనం తొందరలో బోర్డు మీద 8 + 4 = 12 + 5 = 17 అని గొలుసుగా రాస్తుంటాం. 8 + 4 అనేది 17కు సమానం కాదు. రెండు వరుసల్లో రాయాలి. నేను ఎన్నో ఏళ్ళు ఇలాగే రాశాను, పిల్లలు నా దగ్గరే ఆ తప్పు నేర్చుకున్నారు.

రెండో మెట్టు: గాజుల వరుస

హుస్సేనీ ఆలం నుంచి ఖిల్వత్ మీదుగా నడిస్తే లాడ్ బజార్ ఎంతో దూరం కాదు. అక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్కను బొగ్గుల మీద కరిగించి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, వెచ్చగా ఉండగానే ఒక్కొక్క రాయిని వరుసలో అద్దుతారు. మన పిల్లలు చాలామంది ఇళ్ళలో ఈ పని చూస్తూ పెరుగుతారు. అమరికలు, అంటే ఒక నియమం ప్రకారం సాగే వరుసలు, నేర్పడానికి ఇంతకంటే మంచి సామగ్రి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

పాత గాజులు గానీ, పూసలు గానీ తీసుకుని ఇలా పేర్చండి: ఎరుపు, ఎరుపు, ఆకుపచ్చ, ఎరుపు, ఎరుపు, ఆకుపచ్చ. మామూలుగా మనం ‘తర్వాత ఏది?’ అని అడిగి ఆపేస్తాం. అది మొదటి ప్రశ్న మాత్రమే. అసలు ప్రశ్నలు నాలుగు ఉన్నాయి.

మొదటిది, తర్వాత ఏది? రెండోది, మళ్ళీ మళ్ళీ వస్తున్న ముక్క ఏది? ఇక్కడ మూడు పూసల ముక్క. దాని చుట్టూ దారం పెట్టి చూపించమనండి. మూడోది, ఇదే అమరికను చప్పట్లతో, చిటికెలతో చేసి చూపించగలరా? చప్పట్, చప్పట్, చిటికె. రంగులు పోయినా నియమం మిగిలిందని పిల్లలకు ఇక్కడ తెలుస్తుంది. నాలుగోది, పేర్చకుండానే 20వ పూస రంగు చెప్పగలరా?

నాలుగో ప్రశ్నకు మూడో తరగతి పిల్లలు మొదట వేళ్ళ మీద లెక్కపెడతారు. పెట్టనివ్వండి. తర్వాత 100వ పూస అడగండి. అప్పుడు దారి వెతుక్కుంటారు. ఆకుపచ్చ పూసలు 3, 6, 9, 12 స్థానాల్లో ఉన్నాయి. 20ని 3తో భాగిస్తే 2 మిగులుతుంది, కాబట్టి ముక్కలో రెండోది, ఎరుపు. 100ని భాగిస్తే 1 మిగులుతుంది, అదీ ఎరుపే. 99వది ఆకుపచ్చ. ఇన్నాళ్ళూ శేషం అంటే పారేసే ముక్క అనుకున్న పిల్లలకు అది జవాబు చెబుతుందని తెలుస్తుంది.

ఇదే ఆలోచన వారాలకు కూడా పనికొస్తుంది. మొదటి రోజా శుక్రవారం అయితే 27వ రోజా ఏ వారం? చాలామంది 27ను 7తో భాగిస్తారు. మొదటి రోజా నుంచి 27వ రోజాకు మధ్య జరిగేది 26 రోజులు. 26లో మూడు వారాలు పోగా 5 మిగులుతాయి. శుక్రవారం నుంచి ఐదు రోజులు, బుధవారం. రంజాన్ నెలలో ఈ లెక్క ఇస్తే పిల్లలు ఇంటికి వెళ్ళి క్యాలెండర్ చూసి సరిచూసుకుని వస్తారు.

ఈ పాఠం నాకు ఒక అమ్మాయి నేర్పింది. నేను చాలా ఏళ్ళ క్రితం పనిచేసిన ఒక బడిలో ఏడో తరగతి చదివేది. ఇంట్లో గాజుల పని. సమీకరణాల పరీక్షలో సున్నా వచ్చింది. నేను నోటు పుస్తకంలో ఎర్ర ఇంకుతో గట్టిగానే రాశాను. దసరా సెలవుల తర్వాత ఆ అమ్మాయి రాలేదు. ఒకరోజు వాళ్ళ ఇంటికి వెళ్ళాను. కింద కూర్చుని గాజు మీద రెండు తెల్ల రాళ్ళు, ఒక ఎర్ర రాయి చొప్పున అద్దుతోంది. మాట కలపడానికి, ‘చివరికి వచ్చేసరికి వరుస ఎలా కలుస్తుంది?’ అని అడిగాను. ‘40 రాళ్ళు పడితే కలవదు మేడమ్, ఒకటి ఎక్కువ పడుతుంది. కొంచెం ఎడం చేసి 39 అద్దుతాం, లేకపోతే దగ్గర చేసి 42’ అంది. తలెత్తకుండా చెప్పింది.

మూడు రాళ్ళ ముక్క గుండ్రంగా కలవాలంటే మొత్తం రాళ్ళు మూడు యొక్క గుణిజం కావాలి. ఆ అమ్మాయికి అది చేతివేళ్ళలో ఉంది. దానికి, నేను బోర్డు మీద రాసిన ఎక్స్‌కు ఏదో సంబంధం ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది నేను. ఆమె మళ్ళీ బడికి రాలేదు. ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలు బడిలో ఉండాలి. పేరు రిజిస్టరులో ఉంటే చాలదు, తనకు తెలిసినదానికి బడిలో విలువ ఉందని పిల్లకు అనిపించాలి.

కమాన్లు, స్తంభాలు

పిల్లల్ని ఒక ఆదివారం పొద్దున్నే మక్కా మసీదు, చార్మినార్ చూపించడానికి తీసుకెళ్ళండి. మక్కా మసీదు ముందుభాగంలో ఐదు కమాన్లు వరుసగా ఉన్నాయి. ఒక కమాను నిలవాలంటే అటొకటి, ఇటొకటి ఆధారం కావాలి. మరి ఐదు కమాన్లకు ఎన్ని ఆధారాలు? పది అంటారు. లెక్కపెట్టించండి. మధ్యలో ఉన్న ప్రతి ఆధారం రెండు కమాన్లకు పనికొస్తుంది. అందుకే ఆరు చాలు. వరుసలో కమాన్ల కంటే ఆధారాలు ఒకటి ఎక్కువ.

అక్కడినుంచి చార్మినార్ దగ్గరికి రండి. 1591లో కట్టిన ఈ కట్టడానికి నాలుగు వైపులా నాలుగు పెద్ద కమాన్లు. మూలలకు మినార్లు ఎన్ని? నాలుగే. ఇక్కడ ఒకటి ఎక్కువ ఎందుకు రాలేదు? ఎందుకంటే ఇది వరుస కాదు, చుట్టు. చివరిది మళ్ళీ మొదటిదానితో కలుస్తుంది. గాజు మీద రాళ్ళకూ వాటి మధ్య ఖాళీలకూ ఇదే సంబంధం, రెండూ సమానం. ఈ రెండు నియమాలను పిల్లలు సొంత మాటల్లో చెప్పగలిగితే నాలుగో తరగతికి మంచి బీజగణితం వచ్చినట్టే.

మూడో మెట్టు: పెరిగే అమరిక

నాలుగు, ఐదు తరగతులకు దస్తర్‌ఖాన్ లెక్క ఇవ్వండి. చదరంగా ఉన్న చిన్న గుడ్డ పరిస్తే ఒక్కో వైపు ఒకరు చొప్పున నలుగురు కూర్చుంటారు. రెండు గుడ్డలు ఆనించి పరిస్తే? ఎనిమిది మంది అంటారు. కాగితం ముక్కలు, చింతగింజలు ఇచ్చి చేయించండి. ఆరుగురే పడతారు. మూడు గుడ్డలకు ఎనిమిది, నాలుగు గుడ్డలకు పది.

1 గుడ్డ, 4 మంది
2 గుడ్డలు, 6 మంది
3 గుడ్డలు, 8 మంది
4 గుడ్డలు, 10 మంది

‘రెండేసి పెరుగుతోంది’ అని అందరూ చెబుతారు. అది నిజమే గానీ దానితో ఆగకూడదు. ఎందుకంటే ఇఫ్తార్‌కు 50 గుడ్డలు పరచాలంటే రెండేసి కూడుతూ ఎంతసేపు కూర్చుంటాం? కొందరు ‘5 గుడ్డలకు 12 కాబట్టి 10 గుడ్డలకు 24’ అంటారు. ఇది చాలా మామూలు తప్పు. రెండు వరుసలను ఆనించినప్పుడు మధ్యలో ఎదురెదురుగా ఉన్న ఇద్దరికి చోటు పోతుంది. 24 కాదు, 22. కాగితాలతో ఆనించి చూపిస్తే వెంటనే ఒప్పుకుంటారు.

అప్పుడు అడగండి: ‘ఎన్ని గుడ్డలైనా సరే, మనుషుల్ని ఎలా లెక్కపెడతావు?’ ఒక అబ్బాయి, ‘ప్రతి గుడ్డకు ఇటొకరు అటొకరు, చివర్లకు ఇద్దరు’ అంటాడు. ఒక అమ్మాయి, ‘చివరి రెండు గుడ్డలకు ముగ్గురేసి ఆరుగురు, మధ్యలో ఉన్న గుడ్డలకు ఇద్దరేసి’ అంటుంది. రెండూ బోర్డు మీద రాయండి. 10 గుడ్డలకు మొదటి దారిలో 10 × 2 + 2 = 22. రెండో దారిలో 6 + 8 × 2 = 22. చూసిన తీరు వేరు, ఫలితం ఒకటే. ఇలా రెండు దారులు ఒకచోట కలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడండి, ఆ వెలుగు ఏ మార్కులతోనూ రాదు.

అక్షరం రాయాలనుకుంటే ఇప్పుడు రాయవచ్చు. ముందు ‘గుడ్డల సంఖ్య × 2 + 2’ అని పూర్తిగా రాయించండి. కొన్ని వారాల తర్వాత దాన్ని □ × 2 + 2 చేయండి. ఆరో తరగతిలో పెట్టె స్థానంలో అక్షరం వస్తుంది. ఒక జాగ్రత్త: అక్షరం వస్తువుకు పొట్టిపేరు కాదు. ‘ఎం అంటే మామిడిపండు, బి అంటే బాదం’ అని చెప్పే అలవాటు మానుకోవాలి. అక్షరం ఎప్పుడూ సంఖ్యకు గుర్తు, మామిడిపండుకు కాదు, ఎన్ని మామిడిపండ్లు అన్నదానికి.

నాలుగో మెట్టు: తెలియని వాటా

అగ్గిపెట్టెలతో ముఖాబలా నేర్పవచ్చు. మూడు ఖాళీ అగ్గిపెట్టెల్లో 5 చింతగింజల చొప్పున వేసి మూయండి. ఒకవైపు రెండు పెట్టెలు, విడిగా 3 గింజలు. మరోవైపు ఒక పెట్టె, విడిగా 8 గింజలు. ‘రెండువైపులా మొత్తం బరాబర్, ప్రతి పెట్టెలోనూ ఒకే సంఖ్య. ఎన్ని ఉన్నాయి?’ అని అడగండి. రెండువైపుల నుంచీ ఒక్కో పెట్టె తీయిస్తే ఒక పెట్టె, 3 గింజలు ఒకవైపు, 8 గింజలు మరోవైపు మిగులుతాయి. రెండువైపులా 3 తీయిస్తే పెట్టెలో 5 అని తేలుతుంది. పెట్టె తెరిచి చూపించండి. ఎనిమిదో తరగతిలో చేసే సమీకరణాన్ని నాలుగో తరగతి పిల్లలు చేతులతో సాధించారు.

ఐదో తరగతికి వారసత్వం లెక్క. ఇతర వారసులు ఎవరూ లేరనుకుందాం, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు, ఆస్తి 80,000 రూపాయలు. కూతురి వాటాను ఒక భాగం అంటే కొడుకుది రెండు భాగాలు. మొత్తం నాలుగు భాగాలు. ఒక భాగం 20,000. ఖ్వారిజ్మీ తన గ్రంథంలో పెద్ద భాగం ఇలాంటి వాటాలకే కేటాయించారు. తస్బీహ్ కూడా పనికొస్తుంది: 33 + 33 + □ = 100. పిల్లలకు 34 అని ముందే తెలుసు. తెలిసిన జవాబుతో గుర్తును అర్థం చేసుకుంటారు.

నియమం కనుక్కునే ఆట కూడా ఆడించండి. మీరు మనసులో ఒక నియమం అనుకోండి. పిల్లలు 3 అంటే మీరు 7 అనండి. వెంటనే ‘4 కలపాలి’ అంటారు. 5 అడిగితే 11 అనండి. వాళ్ళ ఊహ తప్పిపోతుంది. 10కి 21. అప్పుడు ‘రెట్టింపు చేసి ఒకటి కలపాలి’ అని కనుక్కుంటారు. ఒక్క ఉదాహరణతో నియమం నిర్ణయించకూడదని ఈ ఆట నేర్పుతుంది.

భాష, దిశ

మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు మధ్య తిరుగుతుంటారు. నియమాన్ని ముందు ఏ భాషలో తోస్తే ఆ భాషలోనే చెప్పనివ్వండి. ‘దుగ్నా కర్కే దో మిలానా’ అన్న పిల్లకు బీజగణితం వచ్చింది. దాన్ని తెలుగులో, ఇంగ్లీషులో చెప్పడం తర్వాతి పని. ప్రాథమిక తరగతుల్లో ఇంటి భాషకు చోటివ్వాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెబుతోంది.

ఇంకో చిన్న విషయం చాలామంది గమనించరు. ఖాయిదా, ఖురాన్ చదివే పిల్లల కన్ను కుడి నుంచి ఎడమకు వెళ్ళడానికి అలవాటుపడి ఉంటుంది. పూసల వరుసను కుడివైపు నుంచి చదివితే ఆకుపచ్చ మొదటిది అవుతుంది, జవాబు మారిపోతుంది. పిల్ల తప్పు చెప్పిందనుకునే ముందు ఎటునుంచి చదివిందో అడగండి. వరుస మొదట ఒక బాణం గుర్తు గీస్తే ఈ చిక్కే ఉండదు.

ఏ తరగతికి ఎంత

ఒకటి, రెండు తరగతులు: తరాజు, నిజమా అబద్ధమా వాక్యాలు, రెండు మూడు రంగుల అమరికలు.

మూడో తరగతి: కూడకుండా పెట్టె నింపడం, దూరపు స్థానంలో ఏ రంగు వస్తుందో చెప్పడం, వారాల లెక్క.

నాలుగో తరగతి: కమాన్లు, దస్తర్‌ఖాన్, అగ్గిపెట్టెల లెక్కలు, నియమం కనుక్కునే ఆట.

ఐదో తరగతి: నియమాన్ని మాటల్లో పూర్తిగా రాయడం, పెట్టె గుర్తుతో రాయడం, వాటాల లెక్కలు.

ఇది సిలబస్‌కు అదనపు బరువు కాదు. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలపై పట్టు కోరుతోంది. పై పనులన్నీ ఆ ప్రక్రియల అభ్యాసమే. 2024లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి గణిత పుస్తకం మొదటి అధ్యాయమే అమరికల గురించి. ఐదో తరగతి దాటేసరికి పిల్ల మూడు పనులు చేయగలగాలి: 8 + 4 = □ + 5 లో 7 అని చెప్పి ఎందుకో వివరించాలి, ఒక అమరికలో 50వది ఏమిటో పేర్చకుండా చెప్పాలి, ఒక నియమాన్ని ‘ఎన్ని అయినా సరే’ అనే మాటతో చెప్పగలగాలి. ఈ మూడూ వచ్చిన పిల్లకు ఎక్స్ కొత్త అక్షరమే గానీ కొత్త ఆలోచన కాదు.

ఈ సావనీరు చదివే తల్లులకు ఒక మనవి. మీకు చదువు రాకపోయినా పరవాలేదు. ఈ రాత్రి మీ చేతి గాజులు తీసి నేలమీద ఒక వరుసగా పేర్చి, ‘ఇరవయ్యోది ఏ రంగు బేటా?’ అని అడగండి. జవాబు చెప్పాక ‘కైసే మాలూమ్?’ అని కూడా అడగండి. ఆ రెండో ప్రశ్నే ముఖ్యం.

వాలంటీర్లకు ఒక మనవి. వారానికి ఒక సాయంత్రం ఈ పాఠాలకు కేటాయించండి. గాజుల పని, ఎంబ్రాయిడరీ పని తెలిసిన పిల్లను ముందు వరుసలో కూర్చోబెట్టి, తనకు తెలిసిన వరుస అందరికీ చూపించమనండి. నేను ఆ అమ్మాయి విషయంలో చేయలేకపోయిన పని అదే.

మన పిల్లల జ్ఞానాన్ని అల్లాహ్ వృద్ధి చేయుగాక, నేర్పే మనకు ఓర్పును ప్రసాదించుగాక. ఆమీన్.